బ్రౌజర్‌కి గిట్టని ప్యాకేజీలు, మేం రాసుకున్న అలియాస్‌లు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క రాసుకోవడానికి మా చిన్న కంపెనీ ఒక ఆండ్రాయిడ్ యాప్ చేసింది. లారీలోంచి టిక్కీలు దిగగానే లాట్ నంబరు వేసి, బార్‌కోడ్ అంటించి, గుమస్తా నడుముకు తగిలించుకున్న బ్లూటూత్ ప్రింటర్‌లోంచి రసీదు తీసి రైతు చేతిలో పెట్టడం దాని పని. జావాస్క్రిప్ట్‌తో ఫోన్ యాప్‌లు చేసే రియాక్ట్ నేటివ్‌లో రాశాం. బాగానే నడుస్తోంది. పోయిన సీజన్‌కి ముందు ఒక స్టోరేజీ యజమాని గారు, "ఫోన్లో గుమస్తాలు చూసుకుంటారు సరే, ఆఫీసు కంప్యూటర్లో నాక్కూడా ఇదే కనపడాలి కదమ్మా" అన్నారు. ఇదే అంటే అచ్చంగా ఇదే. అవే స్క్రీన్లు, అవే బటన్లు. కొత్త వెబ్‌సైటు కట్టిస్తామంటే ఆయనకు అక్కర్లేదు, కట్టే ఓపిక మాకూ లేదు.

చెప్పుకోవడానికి ఇది తేలిక పనే. రియాక్ట్ నేటివ్ వెబ్ అని ఒక లైబ్రరీ ఉంది, నికొలస్ గాలగర్ ట్విట్టర్‌లో పనిచేసే రోజుల నుంచి నడుస్తున్నది. వ్యూ, టెక్స్ట్, ప్రెసబుల్ లాంటి తెర ముక్కలను బ్రౌజర్‌కి అర్థమయ్యే డివ్‌లుగా చేసి ఇస్తుంది. మన కోడ్‌లో ప్రతి ఫైలూ 'రియాక్ట్-నేటివ్' నుంచి ఇంపోర్ట్ చేసుకుంటుంది కదా, ఆ పేరు ఎక్కడ తగిలినా 'రియాక్ట్-నేటివ్-వెబ్' ఇవ్వమని బండ్లర్‌కి, అంటే ఫైళ్లన్నీ కలిపి బిల్డ్ కట్టే పనిముట్టుకి, ఒక లైను చెబితే సరిపోతుంది. వెబ్‌ప్యాక్‌లోనైనా వీట్‌లోనైనా సెట్టింగుల్లో రిజాల్వ్ కింద అలియాస్ (మారుపేరు) అనే చోట రాస్తాం. మాది వీట్. లైను రాశాను, నడిపాను, వెంటనే ఎర్రర్ వచ్చింది: 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టైపాఫ్'.

రియాక్ట్ నేటివ్‌ని వెబ్‌కి తెచ్చే ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు దీన్ని చూస్తారు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. మేం వాడే వెర్షన్‌లో రియాక్ట్ నేటివ్ మూల ఫైలు ఫ్లో అనే టైపుల భాషలో ఉంటుంది. 'ఇంపోర్ట్ టైపాఫ్' అంటూ లైన్లకు లైన్లు అందులోనే కనిపిస్తాయి. ఫోన్ యాప్ కట్టే బండ్లర్ మెట్రోకి ఆ భాష వచ్చు, మేం వాడే వీట్ లోపల కోడ్ చదివే ఈఎస్‌బిల్డ్‌కి రాదు. ఎర్రర్ చదవగానే చేయి ఫ్లో ప్లగిన్ వెతకడానికి వెళుతుంది. వెళ్లనివ్వకండి. ప్లగిన్ పెట్టి ఆ ఫైలును చదివించినా, దాని వెనకాల ఉన్నదంతా ఫోన్‌లోని నేటివ్ కోడ్‌ని (ఫోన్ సిస్టమ్ కోసమే నేరుగా రాసినదాన్ని) వెతుక్కునే సరుకే. ఆ ఎర్రర్‌కి అసలు అర్థం, వెబ్ బిల్డ్‌లోకి నిజమైన రియాక్ట్ నేటివ్ ఎక్కడి నుంచో దూరుతోందని. దూరే సందు ఎక్కడుందో కనిపెట్టాలి.

మా సందు ఒక ఫొటో జూమ్ ప్యాకేజీలో దొరికింది. తేమ ఎక్కువున్న సరుకును గుమస్తాలు ఫొటో తీస్తారు, దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూడటానికి పెట్టిన ప్యాకేజీ అది. లోపల 'రియాక్ట్-నేటివ్' అని మామూలుగా పిలవకుండా 'రియాక్ట్-నేటివ్/లైబ్రరీస్/యుటిలిటీస్/కోడ్‌జెన్‌నేటివ్‌కాంపోనెంట్' అని లోపలి గదిలోకే నేరుగా వెళ్లింది. ఇక్కడ అలియాస్ రాసే తీరును బట్టి రెండు రకాల దెబ్బలున్నాయి. పేరును ఉత్త స్ట్రింగ్‌గా రాస్తే వీట్ ఆ పేరుకీ, ఆ పేరు తర్వాత స్లాష్ వచ్చే దారులన్నిటికీ వర్తింపజేస్తుంది. అప్పుడు ఈ లోపలి దారి 'రియాక్ట్-నేటివ్-వెబ్/లైబ్రరీస్/...' అయిపోతుంది, అలాంటి ఫైలే లేదు కాబట్టి దొరకలేదంటుంది. అలా కాదని రెజెక్స్‌తో (పేర్లను పోల్చే నమూనాతో) ఆ పేరొక్కటే అని బిగించి రాస్తే, వెబ్‌ప్యాక్‌లో అయితే పేరు చివర డాలర్ గుర్తు పెడితే, లోపలి దారి తాకకుండా మిగిలిపోయి అసలు రియాక్ట్ నేటివ్‌లోకే వెళుతుంది. మళ్లీ టైపాఫ్.

కాబట్టి ఆ లోపలి దారికి విడిగా ఒక అలియాస్ పెట్టాలి, జాబితాలో దాన్నే ముందు రాయాలి. వీట్ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి మొదట సరిపోయినదాన్ని తీసుకుంటుంది. అవతల పెట్టిన ఫైలు నాలుగు లైన్లది: పేరు తీసుకుంటుంది, ఒక కాంపోనెంట్ తిరిగి ఇస్తుంది. ఆ కాంపోనెంట్ ఎక్కడైనా తెర మీదికి వచ్చిందా, డెవలప్‌మెంట్‌లో ఎర్ర గడిలో తన పేరు రాసుకుని కూర్చుంటుంది. ఊరికే ఖాళీ వ్యూ ఇచ్చి ఊరుకోవచ్చు, చాలామంది ఇస్తారు. నాకది నచ్చదు, ఎందుకో కింద ప్రింటర్ దగ్గర చెబుతాను.

"ప్లాట్‌ఫామ్ వెబ్ అయితే ఆ ఫంక్షన్ పిలవకుండా ఒక ఇఫ్ పెడితే పోలా?" అని మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పోదు. ఇఫ్ అనేది నడిచేటప్పుడు పనిచేస్తుంది, ఫైలు పైన రాసిన ఇంపోర్ట్‌ని బండ్లర్ అంతకు ముందే చదివేస్తుంది. చదవలేకపోతే బిల్డే ఆగుతుంది. ఒకవేళ చదవగలిగినా, ఇలాంటి మాడ్యూళ్లలో చాలావరకు ఇంపోర్ట్ అయిన క్షణంలోనే నేటివ్ వైపు తమ జోడీని వెతుక్కుంటాయి. అది లేదంటే అక్కడే ఎర్రర్ విసిరేస్తాయి. మనం ఒక్క ఫంక్షన్ కూడా పిలవకముందే యాప్ మొత్తం తెల్ల పేజీ.

అయితే ప్రతి అడ్డుకీ అలియాస్ వేసుకుంటూ పోకూడదని కూడా నా గట్టి అభిప్రాయం. ఆ మాడ్యూల్‌ని పిలిచేది మన కోడే అయితే దానికి అలియాస్ దండగ. ఉదాహరణకు వైబ్రేషన్ ప్యాకేజీ ఉంది. ఆ ప్యాకేజీని యాప్‌లో ఒకే ఒక్క ఫైలు పిలుస్తుంది, మిగతా కోడంతా ఆ ఫైలును పిలుస్తుంది. పక్కనే అదే పేరుతో, ఎక్స్‌టెన్షన్‌కి ముందు 'వెబ్' అని చేర్చి ఇంకో ఫైలు పెట్టాను. వెబ్ బిల్డ్ దాన్నే ఎత్తుకుంటుంది. ఎక్కడా గుట్టు లేదు, ఫోల్డర్ తెరిస్తే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మేం వాడే వీట్‌లో మాత్రం ఈ ఎక్స్‌టెన్షన్ల వరసను రెండు చోట్ల చెప్పాలి: రిజాల్వ్ కింద ఒకసారి, డిపెండెన్సీలను (మనం వాడే ప్యాకేజీలను) ముందుగా కట్టగట్టే ఈఎస్‌బిల్డ్ సెట్టింగుల కింద ఇంకోసారి. ఒక చోటే రాస్తే మన ఫైళ్లకు పనిచేసి, ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్లకు పనిచేయదు. ఎర్రర్ చూస్తే అసలు కారణం తట్టదు.

అలియాస్ కావలసింది, మనం ముట్టుకోలేని ప్యాకేజీ తన కడుపులోంచి ఇంకో ప్యాకేజీని పిలిచినప్పుడు. మా ప్రింటర్ కథ అదే.

రసీదుల పనంతా చేసే ప్యాకేజీ మాది కాదు, వేరే టీమ్ రాసి ఇచ్చింది. ఇంకా రెండు మూడు యాప్‌లు దాన్ని వాడుతున్నాయి. అది లోపల బ్లూటూత్ ప్రింటర్ మాడ్యూల్‌ని పిలుస్తుంది. ఆ మాడ్యూల్ ఎక్స్‌పోర్ట్ చేసేవాటిలో మాకు తగిలేవి కనెక్ట్, ప్రింట్ బిట్‌మ్యాప్, డిస్‌కనెక్ట్. బిట్‌మ్యాప్ ఎందుకంటే ఈ చిన్న థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలుండవు. రైతు పేరు, ఊరు తెలుగులో పడాలంటే రసీదును బొమ్మగా గీసి పంపాల్సిందే. బ్రౌజర్‌లో ఈ మాడ్యూల్‌కి ప్రాణం లేదు. వెబ్ బ్లూటూత్ ఉంది కదా అంటారేమో, అది బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త రకం బ్లూటూత్) పరికరాలతోనే మాట్లాడుతుంది, మా ప్రింటర్లవి పాత క్లాసిక్ బ్లూటూత్.

సులువైన దారి అందరికీ తెలిసిందే. మూడు ఖాళీ ఫంక్షన్లు ఎక్స్‌పోర్ట్ చేసే ఒక స్టబ్ ఫైలు రాసి, దానికి అలియాస్ కట్టడం. వెబ్‌ప్యాక్ 5లో అయితే ఫైలు కూడా అక్కర్లేదు, అలియాస్‌కి ఫాల్స్ అని ఇస్తే ఖాళీ మాడ్యూల్ పెట్టేస్తుంది. ప్యాకేజ్ జేసన్‌లోని బ్రౌజర్ ఫీల్డ్‌లో ఫాల్స్ రాసినా అదే ఫలితం. బిల్డ్ పచ్చగా వస్తుంది. యాప్ తెరుచుకుంటుంది. అప్పుడేమవుతుందో చూడండి. అసలు ప్రింట్ బిట్‌మ్యాప్ ఒక ప్రామిస్ (ఫలితం తర్వాత చెబుతాననే మాట) ఇస్తుంది, ప్రింటర్ నుంచి సరే అని కబురు వచ్చాకే అది రిజాల్వ్ అవుతుంది, అంటే పని అయిందని చెబుతుంది. రిజాల్వ్ కాగానే రసీదు ప్యాకేజీ డేటాబేస్‌లో ఆ లాట్ ఎదురుగా 'రసీదు ఇచ్చాం' అని టిక్కు పెట్టేస్తుంది. ఖాళీ ఫంక్షన్ల స్టబ్ అయితే వెంటనే రిజాల్వ్ అయినట్టే. కాలేజీలో రాని స్నేహితుడి బదులు "ప్రెజెంట్ సార్" అన్నట్టే. కాగితం బయటికి రాలేదు, రిజిస్టర్‌లో మాత్రం హాజరు పడిపోయింది. మిర్చి వ్యాపారంలో ఆ రసీదు చూపించే సరుకు బయటికి తీసుకుంటారు, కొందరు దాని మీద అప్పు కూడా తెచ్చుకుంటారు. ఇది ఊరుకునే బగ్ కాదు.

అందుకని నేను రాసిన షిమ్‌లో (అసలు మాడ్యూల్ బదులు నిలబడే ఫైలులో) కనెక్ట్ అనేది నిజంగానే ఏమీ చేయదు, చేయాల్సిందీ లేదు. ప్రింట్ బిట్‌మ్యాప్ మాత్రం బొమ్మను కనపడని ఐఫ్రేమ్‌లో (పేజీ లోపలి చిన్న పేజీలో) పెట్టి, పేజీ వెడల్పు 80 మిల్లీమీటర్లుగా చెప్పి, బ్రౌజర్ ప్రింట్ పెట్టెను తెరుస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. పెట్టె మూసుకున్నాక 'ఆఫ్టర్ ప్రింట్' అనే ఈవెంట్ వస్తుంది గానీ, మనిషి ప్రింట్ నొక్కినా క్యాన్సిల్ నొక్కినా ఒకేలా వస్తుంది. కాగితం వచ్చిందో లేదో బ్రౌజర్ చెప్పదు. కాబట్టి షిమ్ మనిషినే అడుగుతుంది: "రసీదు వచ్చిందా?" అవునంటే రిజాల్వ్, కాదంటే రిజెక్ట్. రిజెక్ట్ అయితే ఆ ప్యాకేజీ తన మామూలు దారిలోనే 'మళ్లీ ప్రయత్నించండి' చూపిస్తుంది. పేరు, ఆర్గ్యుమెంట్లు, తిరిగి వచ్చే విలువ కలిస్తే అలియాస్ కుదిరిందని అనుకుంటాం. ఆ ప్రామిస్‌ని నమ్ముకుని అవతలివాడు ఏం చేస్తున్నాడన్నది కూడా చూసుకోవాలి. అందుకోసం రసీదు ప్యాకేజీ కోడ్ మొత్తం చదివాను, షిమ్ రాయడానికి పట్టిన సమయం దాని ముందు లెక్కలోకి రాదు.

ఇలాంటి నిశ్శబ్దమే ఇంకోటి రియాక్ట్ నేటివ్ వెబ్ లోనే ఉంది. అలర్ట్ అనే మాడ్యూల్ అందులో ఉంటుంది, ఇంపోర్ట్ అవుతుంది, పిలిస్తే మాత్రం ఏమీ చేయదు. ఫంక్షన్ ఒళ్లు ఖాళీ. ట్రయల్‌లో ఉన్నప్పుడు ఒక గుమస్తా గారు ఫోన్ చేశారు.

"మేడం గారూ, లాట్ తీసేయి అన్నది నొక్కుతుంటే ఉలుకూ పలుకూ లేదండీ."

"తీసేయాలా వద్దా అని అడగట్లేదాండీ?"

"ఫోన్లో అడుగుద్ది. దీంట్లో అడగట్లా."

అడిగే పెట్టే రాకపోతే అవును నొక్కే వీలు లేదు, కాబట్టి తీసేయడం జరగదు. పోనీ తీసేసి ఊరుకోలేదు, అదృష్టమే. దీనికి మందు, అలియాస్‌ని నేరుగా రియాక్ట్-నేటివ్-వెబ్‌కి కట్టకుండా మన ఫైలుకి కట్టడం. ఆ ఫైలు రియాక్ట్-నేటివ్-వెబ్ లోని అన్నిటినీ యథాతథంగా ఎక్స్‌పోర్ట్ చేసి, అలర్ట్ ఒక్కటీ మనం రాసింది ఇస్తుంది. బటన్ ఒకటే ఉంటే మామూలు అలర్ట్, రెండుంటే కన్ఫర్మ్. ఒక్క జాగ్రత్త: ఆ ఫైలు లోపల పొరపాటున కూడా 'రియాక్ట్-నేటివ్' అని రాయకూడదు. రాస్తే అలియాస్ దాన్ని తిప్పి మళ్లీ అదే ఫైలుకి పంపుతుంది, ఫైలు తన్ను తానే ఇంపోర్ట్ చేసుకుంటూ ఉంటుంది. పూర్తి పేరు, రియాక్ట్-నేటివ్-వెబ్ అనే రాయాలి.

స్కానర్ దగ్గర మాత్రం పని హాయిగా అయింది. ఫోన్లో కెమెరాతో బార్‌కోడ్ చదివే కాంపోనెంట్ ఉంది. బ్రౌజర్‌లో బార్‌కోడ్ డిటెక్టర్ అనే ఏపీఐ ఉన్నా విండోస్ క్రోమ్‌లో అది పనిచేయదు, మా ఆఫీసు కంప్యూటర్లన్నీ విండోసే. కానీ ఆఫీసుల్లో యూఎస్‌బీ స్కానర్ ఉంటుంది. అది కంప్యూటర్‌కి కీబోర్డులాగే కనిపిస్తుంది, కోడ్ చదివి అంకెలు టైపు చేసి చివర్లో ఎంటర్ కొడుతుంది. కాబట్టి కెమెరా కాంపోనెంట్‌కి నా షిమ్ ఒక టెక్స్ట్ బాక్సు. ఎంటర్ పడగానే, అసలు కాంపోనెంట్ చదివినప్పుడు ఏ ఫంక్షన్‌ని ఏ ఆకారంలో పిలుస్తుందో అదే పిలుస్తుంది. స్కానర్ పాడైతే అంకెలు చేత్తో కొట్టుకోవచ్చు, ఫోన్లో లేని సుఖం.

ఒక అలియాస్ వేయబోయి మానుకున్నాం, అదీ చెప్పాలి. క్యాలెండర్ కాంపోనెంట్ ఒకటి మోమెంట్ అనే తేదీల లైబ్రరీని వాడుతుంది. మోమెంట్ వాళ్లే 2020 సెప్టెంబరులో, ఇక కొత్త ఫీచర్లు చేర్చం, కొత్త ప్రాజెక్టుల్లో వేరేది చూసుకోండి అని చెప్పేశారు. డేజేఎస్ అనే ఇంకో తేదీల లైబ్రరీ దాదాపు అవే పేర్లతో ఉంటుంది, చాలా చిన్నది. అలియాస్ కడితే సైజు తగ్గుతుంది కదా అని మాట వచ్చింది. కోడ్ తెరిచి చూస్తే ఆ క్యాలెండర్ నెల గళ్లను ఇలా నింపుతోంది: నెల మొదటి రోజు తీసుకుని, చివరి రోజు దాటేదాకా లూప్‌లో దానికి ఒక్కో రోజు యాడ్ చేస్తూ పోతుంది, యాడ్ తిరిగి ఇచ్చినదాన్ని ఎక్కడా దాచుకోదు. మోమెంట్‌లో యాడ్ ఉన్న తేదీనే మార్చేస్తుంది కాబట్టి అది చెల్లుతుంది. డేజేఎస్‌లో యాడ్ పాత తేదీని తాకకుండా కొత్తది తిరిగి ఇస్తుంది. అంటే లూప్‌లో తేదీ ఎన్నటికీ కదలదు, బ్రౌజర్ ట్యాబు బిగుసుకుపోతుంది. పైగా మోమెంట్ తెలుగు లొకేల్‌లో (భాషా సెట్టింగులో) ఏఎం, పీఎం బదులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని వస్తుంది, మా రసీదుల్లో అదే పడుతుంది. మోమెంట్‌ని కదపలేదు.

అలియాస్‌ని బండ్లర్‌కి చెప్పేస్తే అందరికీ తెలిసినట్టు కాదు. టెస్టులు నడిపే జెస్ట్‌కి వీట్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) సంగతి తెలియదు, దానికి మాడ్యూల్‌నేమ్‌మ్యాపర్‌లో మళ్లీ రాయాలి. అక్కడ రాసేది రెజెక్స్. ముందు టోపీ గుర్తు, చివర డాలర్ గుర్తు లేకుండా 'రియాక్ట్-నేటివ్' అని వదిలేస్తే, పేరులో ఎక్కడైనా ఆ ముక్క ఉన్న ప్రతి ప్యాకేజీనీ లాగేసుకుంటుంది, 'రియాక్ట్-నేటివ్-ఎస్‌వీజీ' ప్యాకేజీతో సహా. టెస్టుల్లో ఇంకో సంగతి, ఫోన్ టెస్టులు అసలు మాడ్యూళ్లకు వేసిన మాక్‌లతోనే (టెస్టు కోసం పెట్టే నకిలీలతోనే) నడవాలి, వెబ్ టెస్టులే షిమ్‌లతో నడవాలి. అందుకే జెస్ట్‌లో రెండు ప్రాజెక్టులుగా విడగొట్టాం. ఇక సర్వర్ మీద రెండర్ చేసేవాళ్లకు వీట్‌లో ఇంకో చిక్కు ఉంది: బిల్డ్‌లో కలపకుండా ఎక్స్‌టర్నల్‌గా వదిలేసిన ప్యాకేజీలను, సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ తానే తెచ్చుకుంటుంది, వాటికి వీట్ అలియాస్ అంటదు. మాకు ఆ బాధ లేదు.

ఇదంతా ఎందుకు, ప్యాకేజ్ మేనేజర్‌లోనే మార్చేయొచ్చు కదా అంటే, మార్చొచ్చు. ఎన్‌పీఎం అనే ప్యాకేజ్ మేనేజర్‌లో 6.9 నుంచి ఒక పేరుతో ఇంకో ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకునే వీలుంది, లోపలి డిపెండెన్సీలకు ఓవర్‌రైడ్స్ ఉన్నాయి, అలాంటిదే ఇంకోటైన యార్న్‌లో రిజల్యూషన్స్. రియాక్ట్ బదులు దానిలాంటి చిన్న లైబ్రరీ ప్రీయాక్ట్ వేసుకునేవాళ్లకు ఆ దారి బాగుంటుంది, ప్రాజెక్టు మొత్తానికి ఒకే నిర్ణయం కాబట్టి. మాకు అదే ఫోల్డర్‌లోంచి ఆండ్రాయిడ్ బిల్డ్ కూడా కావాలి, దానికి అసలు ప్రింటర్ మాడ్యూలే కావాలి. డిస్కు మీద ప్యాకేజీ మారిపోతే ఫోన్ యాప్‌లో రసీదులు ఆగిపోతాయి. బండ్లర్ అలియాస్ ఆ ఒక్క బిల్డ్‌కే పరిమితం.

కోడ్‌లో టైపులు సరిచూసే టైప్‌స్క్రిప్ట్‌కి ఈ అలియాస్‌ల గురించి నేను కావాలనే ఏమీ చెప్పలేదు. దాని సెట్టింగుల ఫైలు టీఎస్ కాన్ఫిగ్‌లో పాత్స్ రాస్తే ఎడిటర్‌కి షిమ్ టైపులే కనిపిస్తాయి, నాకు అసలు మాడ్యూల్ టైపులే కనిపించాలి. బదులుగా ప్రతి షిమ్ చివరా ఒక లైను పెట్టాను: ఈ ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసే వస్తువు, అసలు మాడ్యూల్ టైపులో మేం వాడే ముక్కకు సరిపోవాలని 'శాటిస్‌ఫైస్' తో చెప్పే లైను. టైప్‌స్క్రిప్ట్ 4.9లో వచ్చింది ఆ పదం. అక్కడ అసలు మాడ్యూల్ పేరు టైపుగానే వస్తుంది కాబట్టి బిల్డ్‌లో దాని జాడ ఉండదు. ప్రింటర్ ప్యాకేజీ కొత్త వెర్షన్‌లో ప్రింట్ బిట్‌మ్యాప్‌కి ఇంకో ఆర్గ్యుమెంట్ తప్పనిసరి చేసి, తిరిగి ఇచ్చేదాన్ని మార్చినప్పుడు టైప్ చెక్ షిమ్ ఫైలు మీదే వేలు పెట్టి చూపించింది. బిల్డ్ మాత్రం అప్పుడు కూడా పచ్చగానే ఉంది, బండ్లర్‌కి ఇవేం పట్టవు.

కాన్ఫిగ్‌లో ప్రతి అలియాస్ పైనా రెండు మాటల కామెంట్ ఉంటుంది: దీన్ని పిలిచేది ఎవరు, ఏం జరిగితే దీన్ని తీసేయొచ్చు. ఫొటో జూమ్ ప్యాకేజీకి వెబ్ సపోర్ట్ వచ్చింది, ఆ కామెంట్ చూసే కోడ్‌జెన్ లైను తీసేశాను. తీయకపోయినా ఏ ఎర్రరూ వచ్చేది కాదు, ఎర్ర గడి ఫైలు పనీ పాటా లేకుండా అక్కడే పడి ఉండేది. ప్రింటర్ లైను మాత్రం ఇప్పట్లో కదలదు. ఒక స్టోరేజీలో ఆఫీసు ప్రింటర్ ఏ4 లేజర్, రసీదు కాగితం మూలన అగ్గిపెట్టంత పడుతోందని చెప్పారు. పేజీ వెడల్పును సెట్టింగుల్లోంచి తీసుకునేలా షిమ్‌ని మారుస్తున్నాను, వచ్చే వారం వాళ్ల దగ్గరే పెట్టి చూడాలి.